సాలీడు వేసిన ప్రశ్న: జాషువ కవిత్వంలో ప్రకృతిరచన, ఈశ్వరానుమానం

గుర్రం జాషువ (1895–1971) రచించిన 'సాలీడు' ఖండిక తెలుగు పాఠకులకు సుపరిచితం. సాలెపురుగు అల్లికను చూసి కవి అందులో ఆశ్చర్యపడతాడు. నూలు తీయడానికి మనిషికి ఒక మర కావాలి, లేదా కనీసం రాట్నమైనా ఉండాలి. ఈ పురుగు దేహంలో అటువంటి సాధనమేదీ కానరాదు. అయితే దైవశక్తి దాని ఉదరంలో అణగి ఉన్నదేమోనని కవికి సందేహం కలుగుతుంది. దీనిని కవిసహజమైన చమత్కారంగా చదివి ముందుకు సాగిపోవడం సులువు. నేనూ చాలాకాలం అలాగే చదివాను.

కాని ఈ సందేహం వెనుక రెండువేల ఏళ్ళకు పైబడిన వాదచరిత్ర ఉంది. లోకంలో కనిపించే అమరిక, దానిని అమర్చిన కర్త ఒకడున్నాడనడానికి ప్రమాణం కాగలదా అన్నదే ఆ వాదవిషయం. ఉపనిషత్తుల కాలం నుంచి అందులో సాలీడును ఒక సాక్షిగా పిలుస్తూనే ఉన్నారు. ఒక్కొక్క వాది దాని నోట ఒక్కొక్క సాక్ష్యం చెప్పించాడు. జాషువ పద్యాన్ని ఆ సాక్ష్యాల వరుసలో నిలిపి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. జాషువ ఈశ్వరానుమానాన్ని చివరి మెట్టు దాకా నడిపించి, నిగమనవాక్యం పలకకుండా ఆగాడనీ, ఎందుకు ఆగాడో అర్థం కావాలంటే 'గబ్బిలం' (1941) దాకా వెళ్ళాలనీ ఇక్కడ నా ప్రతిపాదన.

స్థలం గురించి ఒక మాట. జాషువ పుట్టిన వినుకొండ, 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో భాగం. మాచర్లకు సమీపాన, కృష్ణ ఒడ్డున ఉన్న నాగార్జునకొండ కూడా ఈ జిల్లాలోదే. ఈశ్వరకర్తృత్వాన్ని ఖండించే తొలి సంస్కృత రచనల్లో ఒకటి ఏ ఆచార్యుని పేర వ్యాప్తిలో ఉన్నదో, ఆ కొండకు ఉన్నది ఆ పేరే. వాదానికి ఒక కొస ఆ లోయలోను, మరొక కొస వినుకొండలోను దొరకడం వల్లనే పల్నాడును ఈ వ్యాసానికి క్షేత్రంగా తీసుకొన్నాను.

పరిశేషానుమానం

పద్యంలోని ఆలోచనాక్రమాన్ని ముందుగా గమనించాలి. కవి మూడు పక్షాలను మన ముందుంచాడు: మర, రాట్నం, దైవశక్తి. మొదటి రెండింటినీ నిషేధించి మూడవదానిని మిగిల్చాడు. సంభావ్యమైన కారణాలను ఒక్కొక్కటిగా తొలగించి, మిగిలినదానిని నిశ్చయించే ఈ పద్ధతిని తార్కికులు పరిశేషానుమానం అన్నారు. శబ్దం ఏ ద్రవ్యానికి గుణమో తేల్చడానికి, భూమి మొదలైన ద్రవ్యాలను వరుసగా తోసిపుచ్చి చివరకు ఆకాశాన్ని మిగిల్చుకోవడం వారికి అలవాటైన ఉదాహరణ.

పరిశేషం చెల్లాలంటే ఒక నియమం ఉంది. సంభావ్యమైన పక్షాలన్నీ లెక్కకు వచ్చి ఉండాలి. ఒక్కటి తప్పిపోయినా నిర్ణయం నిలవదు. జాషువ పద్యంలో ఆ తప్పిపోయిన పక్షం ఏదో చదువరికి వెంటనే తోస్తుంది. అది సాలీడు స్వభావం. ముళ్ళకు పదును పెట్టినవారెవరు, నెమలికి రంగులద్దినవారెవరు అని అడిగి, ఎవరూ లేరు, అది వాటి స్వభావం అని బదులు చెప్పిన స్వభావవాదులు మన దేశంలో చాలా పూర్వమే ఉన్నారు. శ్వేతాశ్వతరోపనిషత్తు ఆరంభంలోనే జగత్కారణంగా పేర్కొనే పక్షాలలో కాలం, నియతి, యదృచ్ఛలతో పాటు స్వభావం కూడా చేరి ఉంది. ఆ పక్షాన్ని కవి తొలగించలేదు, ప్రస్తావించనూ లేదు. అందువల్ల తర్కదృష్టితో చూస్తే మూడవ పక్షం మిగిలినదే గాని గెలిచినది కాదు.

కవికి ఈ సంగతి తెలుసునా? తెలుసుననే నేను భావిస్తున్నాను. అందుకు ఆధారం చిన్నదే, ఒక ప్రత్యయం. మూడవ పక్షాన్ని చెప్పే క్రియకు కవి సందేహార్థకమైన ఓకారాన్ని చేర్చాడు. నైయాయికుని అనుమానం 'కాబట్టి కర్త కలడు' అని ముగియాలి. ఇక్కడ ఆ 'కలడు' లేదు. ఇది ఉత్ప్రేక్షాలంకారం, దీని మీద దర్శనశాస్త్రభారం మోపడం తగదు అని ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. కాని అలంకారమైనా తన సామగ్రిని ఎక్కడో ఒకచోట నుంచి తెచ్చుకోవలసిందే. దైవశక్తి పురుగును బయటి నుంచి నడిపిస్తున్నదనలేదు కవి. అది ఉదరంలో లీనమై ఉన్నట్లు ఊహించాడు. ఆ 'లీనం', ఆ ఉదరం ఎక్కడివో చూడాలి.

ఉపనిషత్తుల సాలీడు, నైయాయికుల కుండ

ముండకోపనిషత్తు అక్షరపురుషుని నుంచి విశ్వం ఎలా పుడుతుందో చెప్పడానికి మూడు దృష్టాంతాలు ఇచ్చింది. సాలీడు దారాన్ని విడిచి మళ్ళీ తనలోకి తీసుకొనడం, భూమి నుంచి ఓషధులు మొలవడం, బ్రతికి ఉన్న మనిషికి వెంట్రుకలు పెరగడం ఆ మూడు. బృహదారణ్యకం, శ్వేతాశ్వతరం కూడా ఈ పురుగును స్మరించాయి. ఈ దృష్టాంతం ప్రత్యేకత ఏమంటే ఇందులో నేసేవాడు, నూలు వేరుకావు. కారకుడే పదార్థం కూడా. శాస్త్రపరిభాషలో నిమిత్తకారణం, ఉపాదానకారణం ఒక్కటే.

నైయాయికుల దృష్టాంతం కుండ. మట్టి వేరు, కుమ్మరి వేరు, సారె వేరు. పరమాణువులు నిత్యాలు. ఈశ్వరుడు వాటిని కూర్చేవాడే గాని వాటిని పుట్టించినవాడు కాడు. భూమి, మొలక మొదలైనవి కార్యాలు, కార్యమైనదేదైనా కర్త చేసినదే అయి ఉంటుంది, కుండలాగా, అన్నది వారి అనుమానం. 10వ శతాబ్ది చివరివాడైన ఉదయనుడు 'న్యాయకుసుమాంజలి'లో ఈ హేతువుకు మరికొన్ని హేతువులు జోడించి కోట కట్టాడు. ఆంధ్రుడని ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు 17వ శతాబ్దిలో తన తర్కసంగ్రహదీపికలో ఈ అనుమానాన్నే విద్యార్థులకు అందేటట్లు పొదిగాడు. సంప్రదాయపద్ధతిలో తర్కం నేర్చిన తెలుగువారికి ఈశ్వరసాధనం మొదట పరిచయమైనది ఈ రూపంలోనే.

జాషువ సందేహం ఈ రెండింటిలో ఏ దృష్టాంతానికి దగ్గర? మర, రాట్నం కుండ దృష్టాంతానికి చెందిన వస్తువులు. అవి కర్తకు వెలుపల ఉండే సాధనాలు. వాటిని నిషేధించడంతో కవి నైయాయికుల దారిని మూసివేశాడు. మిగిలిన పక్షంలో శక్తి ఉదరంలోనే లీనమై ఉంది. ఇది ముండకం చూపిన దారి. పైగా ఈ రెండు సాధనాలు కవి కాలానికి ఎంత సన్నిహితమైనవో వేరుగా చెప్పనవసరం లేదు. మిల్లు నూలుకూ రాట్నం నూలుకూ నడుమ జాతీయోద్యమం పెద్ద వివాదాన్నే నడిపింది. పత్తి పండించే నేల మీద పుట్టిన కవి ఆ రెండింటినీ ఒకే సమాసంలాగా పక్కపక్కన పెట్టి, సాలీడుకు రెండూ అక్కరలేదనడంలో కొంత కొంటెతనం కూడా నాకు వినిపిస్తుంది.

విజయపురి లోయలో

ఇప్పుడు కొంత వెనక్కి, మాచర్ల వైపు వెళ్ళాలి. నాగార్జునకొండ శాసనాలు 1926లో వెలుగు చూశాయి. లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా, ఆ తరువాత 1938లో టి.ఎన్. రామచంద్రన్, నాగార్జునసాగర్ జలాశయం లోయను ముంచెత్తక ముందు 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం అక్కడ తవ్వకాలు జరిపారు. బయటపడిన ఇక్ష్వాకుల విజయపురి, క్రీ.శ. 3, 4 శతాబ్దుల నాటి మతజీవనాన్ని మన కళ్ళకు కట్టింది. చాంతిసిరి ఆదరించిన మహాచైత్యం, అపరమహావినసేలియులకు, బహుశ్రుతీయులకు, మహీశాసకులకు వేర్వేరు విహారాలు ఒక వైపు. సర్వదేవాలయం, పుష్పభద్రస్వామి పేర శివాలయం, అష్టభుజస్వామి పేర విష్ణ్వాలయం, కార్తికేయాలయాలు మరొక వైపు. ఒకే ఏటి ఒడ్డున, ఒకే రాజవంశం నీడలో కర్తను కొలిచేవారూ, కర్తను ఒప్పుకోనివారూ ఇరుగుపొరుగుగా ఉన్నారు.

ఆచార్య నాగార్జునునికీ ఈ కొండకూ ఉన్న సంబంధం తరువాతి సంప్రదాయం అల్లినది. ఇక్ష్వాకుల శాసనాలు ఈ ప్రదేశాన్ని శ్రీపర్వతం, విజయపురి అనే పిలిచాయి. ఈశ్వరుడు కర్త కాడనీ, విష్ణువు ఏకైక కర్త కాడనీ వాదించే చిన్న సంస్కృత ప్రకరణం కూడా ఆ ఆచార్యుని పేరనే వచ్చింది. కర్తృత్వం గురించి పండితులకు గట్టి సందేహాలున్నాయి. నాకు ఇక్కడ కావలసింది ఎవరు రాశారన్నది కాదు, వాదం నడిచిన తీరు. ఈశ్వరుడు దేనిని చేస్తాడు, అప్పటికే సిద్ధమైనదానినా, అసిద్ధమైనదానినా? సిద్ధమైతే చేయవలసిన పని లేదు. అసిద్ధమైతే ఇసుక నుంచి నూనెలాగా, తాబేటి వెంట్రుకలాగా ఎన్నటికీ కాదు. రెండూ కలిసినదంటే వెలుగు చీకట్లు ఒకచోట ఉన్నాయన్నట్లే. ఆపై, చేసినవాడు తాను పుట్టినవాడా, పుట్టనివాడా అన్న ప్రశ్న వస్తుంది.

ఈ ఖండనం అమరిక జోలికి వెళ్ళనే లేదు. లోకం అందంగా, క్రమబద్ధంగా ఉన్నదా లేదా అని అడగలేదు. 'చేయడం' అన్న మాటనే విప్పి చూసింది. అందుకే సాలెగూడు చూసి ఆశ్చర్యపడినవానికి ఇది తృప్తి కలిగించదు. అతని ఎదుట గూడు ఉంది, ఉదయపు మంచులో మెరుస్తూ. దానిని గురించి ఏదైనా చెప్పాలి. ఆ పని తరువాతి బౌద్ధులు, వారితో పాటు ఒక వైదికుడు చేశారు.

పుట్ట, లాలాజలం

7వ శతాబ్ది ధర్మకీర్తి 'ప్రమాణవార్తికం'లో ఇచ్చిన సమాధానం ఈ వాదచరిత్రలో అన్నిటికంటె పదునైనదని నా అభిప్రాయం. కుండను చూసి కుమ్మరిని ఊహిస్తున్నాం, నిజమే. ఎందుకంటే కుండలను కుమ్మరి చేయగా చూశాం. అంతమాత్రాన మట్టి మార్పు చెందిన ప్రతిచోటా కుమ్మరిని ఊహిస్తే పుట్టను కూడా కుమ్మరే చేశాడనవలసి వస్తుంది. 'అమరిక' అన్న మాట ఒకటే అయినంత మాత్రాన వస్తువు ఒకటి కాదు. ఏ రకం అమరికకు కర్తతో సంబంధం మన అనుభవంలో రూఢమైనదో ఆ రకం అమరిక నుంచే కర్తను ఊహించగలం. లోకాన్ని ఎవరైనా చేస్తుండగా ఎవరూ చూడలేదు. నాగులచవితికి పుట్టలో పాలు పోసే నేల మీద ఈ దృష్టాంతం మరీ బాగా పండుతుంది. చెదలు కట్టిన పుట్టలో పాము చేరితే, పాములో మనం దేవుణ్ణి చూస్తాం. కట్టిన చెదపురుగు ఎవరికీ గుర్తుకు రాదు.

సాలీడు దగ్గరకు వస్తే, దాని సాక్ష్యాన్ని తిరగరాసినవాడు మీమాంసకుడైన కుమారిలభట్టు. వేదప్రామాణ్యానికి ప్రాణమిచ్చే ఈ వైదికుడు జగత్కర్తను ఒప్పుకోలేదు. 'శ్లోకవార్తికం'లో సాలీడు దృష్టాంతం చెల్లదన్నాడు. అది దారం ఊరకే విడవదు, ప్రాణులను తిన్నందువల్ల దానికి లాలాజలం ఊరుతుంది, దానితో అల్లుతుంది. 8వ శతాబ్దిలో బౌద్ధుడైన శాంతరక్షితుడు 'తత్త్వసంగ్రహం'లో దీనినే అందుకొని, సాలీడు అల్లేది ప్రాణులను తినాలన్న లోభం వల్లనే అన్నాడు. శంకరాచార్యులు కూడా ఈ వివరణను ఎరుగుదురు. బాహ్యసాధనం లేకుండానే బ్రహ్మం సృష్టించగలదని చెప్పే సూత్రం (2.1.25) దగ్గర వారు సాలీడును ఉదాహరించారు. చిన్న పురుగులను తిన్న సాలీడుకు ఊరిన లాలాజలం గట్టిపడి దారమవుతుందన్న ఆక్షేపణను కూడా అక్కడనే నమోదు చేశారు.

ఈ ప్రాచీనుల పరిశీలన ఎంత దగ్గరగా వచ్చిందో నేటి జీవశాస్త్రం తెలిసినవారు గ్రహించగలరు. సాలీడు ఉదరంలో పట్టు గ్రంథులున్నాయి. వాటిలో ప్రోటీన్ ద్రవరూపంలో ఉంటుంది. ఉదరం చివర ఉన్న నూలుకంతుల ద్వారా వెలుపలికి లాగినప్పుడు అది గట్టిపడి దారమవుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల ఎవరూ నేర్పకుండానే గూడు అల్లుతుంది. అంటే జాషువ లేదనుకొన్న మర నిజానికి ఉంది, ఉండవలసిన చోటే ఉంది. అది తనంత తాను ఎలా ఏర్పడిందన్నదానికి 1859లో డార్విన్ దారి చూపాడు. తేనెటీగ కట్టే షట్కోణపు అరలను ఆయన ఆ గ్రంథంలోనే చర్చించాడు. పరిశేషంలో తప్పిపోయిన స్వభావపక్షం ఈ విధంగా వివరాలతో సహా తిరిగి వచ్చింది. ప్రకృతి నియమాలకే నియామకుడు కావాలి గదా అని ఈశ్వరవాది ఒక మెట్టు పైకి జరగవచ్చు. జరిగినచోట మళ్ళీ ధర్మకీర్తి ప్రశ్నే ఎదురవుతుంది.

కుమారిలుడు మరొక ప్రశ్న కూడా వేశాడు. కర్త దయతో సృష్టించాడంటారా? సృష్టికి ముందు జీవులే లేరు. దయ ఎవరి మీద? దయ వల్లనే సృష్టిస్తే లోకమంతా సుఖమయంగా ఉండవలసింది గదా? ఈ ప్రశ్నను ఇక్కడ గుర్తుంచుకోవాలి. దానికి వచ్చిన జవాబే మనలను 'గబ్బిలం' దగ్గరకు చేరుస్తుంది.

ఈశ్వరభక్తులందరూ అనుమానాన్ని ఆశ్రయించలేదన్నది కూడా ఈ చరిత్రలో భాగమే. సాంఖ్యుల జడప్రకృతి మేడలు, తోటలు వంటి రచనను సాగించలేదని శంకరాచార్యులు రచనను హేతువుగా వాడారు (2.2.1). కాని బ్రహ్మాన్ని తెలుసుకొనడానికి వారు ప్రమాణంగా నిలిపినది శ్రుతినే. రామానుజాచార్యులు మరింత ముందుకు వెళ్ళి, 'శ్రీభాష్యం'లో (1.1.3) ఈశ్వరానుమానాన్ని స్వయంగా ఖండించారు. లోకమంతా ఒకే కాలంలో పుట్టిందనడానికి, ఒకే కర్త చేశాడనడానికి ఆధారమేమిటి? మనం చూసే కర్తలందరికీ శరీరముంది, మరి ఈ కర్తకో? బౌద్ధులు వాడిన ఆయుధాలనే పరమభక్తుడు తన చేతిలోకి తీసుకొన్నాడు. శాస్త్రం చెప్పినందువల్ల నమ్ముతున్నాం, చెట్టు పుట్ట చెప్పినందువల్ల కాదు అన్నది వారి నిలకడ. తెలుగు కావ్యాలలో సాలీడుకు మహోన్నతస్థానమిచ్చిన ధూర్జటి కూడా దాని నేర్పును ఋజువుగా వాడలేదు. 'శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం'లో ఆ పురుగు లింగానికి తన దారంతో గుడి కడుతుంది. శివుడు దీపజ్వాలతో దానిని కాల్పిస్తే, ఆ దీపాన్నే మింగబోతుంది. అక్కడ అల్లిక సేవ, సాక్ష్యం కాదు.

ఉదరం నుంచి

ఈ మధ్యలో మన సాలీడు సముద్రం కూడా దాటింది. స్కాట్లాండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ మరణానంతరం 1779లో అచ్చయిన సహజమతసంవాదాలలో, ఏడవ భాగంలో, బ్రాహ్మణులు ఒక అనంతమైన సాలీడు తన కడుపులోంచి లోకాన్ని అల్లిందంటారని ఫైలో అనే పాత్ర ప్రస్తావిస్తాడు. వినడానికి నవ్వు వస్తుంది, ఎందుకంటే సాలీడు మనకు అల్పజీవి. కాని కేవలం సాలీళ్ళే నివసించే గ్రహం ఒకటి ఉంటే అక్కడ ఇదే అత్యంత సహజమైన సిద్ధాంతమవుతుంది. అమరిక బుద్ధి నుంచే రావాలని ఏమున్నది, కడుపు నుంచి ఎందుకు రాకూడదు అని అతని వాదం. హ్యూమ్‌కు ఉపనిషత్తులు నేరుగా తెలియవు. చేరినది ఒక వదంతి వంటిది. అయినా దృష్టాంతంలోని కీలకాన్ని పట్టుకొన్నాడు. గడియారాన్ని చూపి గడియారం చేసినవానిని నిరూపించిన విలియం పేలీ గ్రంథం 1802లో వచ్చింది. అంటే ప్రసిద్ధమైన ఆ ఉపమానానికి జవాబు 23 ఏళ్ళ ముందే అచ్చులో ఉంది.

హ్యూమ్ కడుపును వ్యంగ్యానికి వాడాడు. జాషువ విస్మయానికి వాడాడు. అమరికకు మూలం మెదడులోనే కాక ఉదరంలో కూడా ఉండవచ్చునన్న గుర్తింపు ఇద్దరిలోనూ ఉంది. జాషువ 'గిజిగాడు' ఖండికలో కూడా ఇదే దృష్టి. తేలికైన గడ్డిపోచలతో పిట్ట కట్టిన ఊయలయిల్లు ఏ మనిషికీ సాధ్యం కాదంటాడు కవి. గూడును చూసి పొగిడింది దానిని కట్టిన పిట్టనే. పనిని చూసి పనివానిని తలచుకొనడంలో జాషువ తన కన్నును చాలా దూరం పోనివ్వడు. చేసిన చేయి, లేదా ముక్కు, ఎక్కడ ఉంటే అక్కడే ఆపుతాడు. శ్రమకు గుర్తింపు దొరకని కుటుంబంలో పుట్టిన కవికి ఇది సహజమని నాకనిపిస్తుంది.

గబ్బిలం మోసుకుపోయిన అభ్యర్థన

కుమారిలుని ప్రశ్నకు ఈశ్వరవాదులు ఇచ్చిన జవాబు కర్మ. బ్రహ్మసూత్రం (2.1.34) ఈశ్వరునిపై రెండు ఆరోపణలను ఎదుర్కొంటుంది: వైషమ్యం, అంటే పక్షపాతం, ఇంకా నైర్ఘృణ్యం, అంటే నిర్దయ. శంకరభాష్యం చెప్పేది, ఈశ్వరుడు వానవంటివాడని. వాన అన్ని పైర్లకూ సమానకారణమే. వరి వరిగా, యవ యవగా మొలవడానికి ఆయా విత్తనాలు కారణం. అట్లే జీవుల హెచ్చుతగ్గులకు వారి వారి కర్మలే కారణం. వానను మాత్రమే నమ్ముకొన్న మెట్టచేల రైతు ఈ ఉపమానాన్ని విని ఏమంటాడో భాష్యకారులు అడిగి ఉండరు.

న్యాయమతంలో ఈ సంబంధం ఇంకా దగ్గరిది. ఉదయనుడు 'న్యాయకుసుమాంజలి' మొదటి స్తబకంలో ఈశ్వరుణ్ణి నిరూపించడానికి ముందు అదృష్టాన్ని, అంటే కంటికి కనరాని కర్మఫలశక్తిని నిరూపించాడు. లోకంలోని వైచిత్ర్యం అందుకు ఒక హేతువు. మరొక హేతువు, భుక్తి ఆయా జీవికి నియతమై ఉండడం. ఎవరి అనుభవం వారికే పంచిపెట్టినట్లున్నది కనుక పంచే అలౌకికహేతువు ఒకటున్నది. ఆ హేతువు జడం కనుక దానిని నడిపే చేతనుడు కావాలి. అతడు ఈశ్వరుడు. ఇక్కడ ఒక విషయం స్పష్టం కావాలి. నైయాయికునికి లోకపు అమరిక అంటే మొలకలు, కొండలు మాత్రమే కాదు. ఎవడు ఎక్కడ పుట్టాడు, ఏమి అనుభవిస్తున్నాడు అన్నది కూడా ఆ అమరికలో భాగమే. సాలెగూడు ఎంత క్రమంగా ఉన్నదో ఊరి పొలిమేర కూడా అంత క్రమంగానే ఉన్నది. రెండింటికీ కర్త ఒక్కడే.

'గబ్బిలం' కథానాయకుడు ఆ పొలిమేరకు ఆవలివాడు. గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో తన గోడు కాశీవిశ్వనాథునికి పంపుతాడు. గబ్బిలానికి గర్భగుడి ప్రవేశముంది, తనకు లేదు. మద్రాసు రాజధానిలో ఆలయప్రవేశాన్ని హక్కుగా చేసిన చట్టం 1947లో గాని రాలేదు. కావ్యం వచ్చింది 1941లో. ఆ సందేశంలో ఒకచోట అతడు కర్మసిద్ధాంతాన్ని ప్రస్తావిస్తాడు. ఆ సిద్ధాంతం పేర తన నోరు కట్టివేసి, స్వార్థపరులు తన భుక్తిని తాము అనుభవిస్తున్నారని ఆరోపిస్తాడు. ఆ కర్మ అనేదేమిటో, తనపై దానికి కక్ష ఎందుకో ఈశ్వరుని చేతనే ఋజువు చేయించి రమ్మని గబ్బిలాన్ని వేడుకొంటాడు.

'భుక్తి' అన్న ఈ ఒక్క మాట దగ్గర ఆగాలి. ఉదయనుని కారికలోనూ ఉన్నది ఇదే శబ్దం. జాషువ ఆ కారికను ఎదురుగా పెట్టుకొని రాశాడని నేను చెప్పబోవడం లేదు. మాట తెలుగులో అన్నానికి, జీవనాధారానికి రూఢమైనదే. కాని రెండు ప్రయోగాలను పక్కపక్కన పెడితే వాదం తారుమారు కావడం కనిపిస్తుంది. ఉదయనునికి భుక్తి ఒకరికి నియతమైనది, ఇంకొకరికి పోనిది. ఆ నియతత్వమే ఈశ్వరునికి సోపానం. జాషువ కథానాయకుడు ఆ హేతువునే కాదంటున్నాడు. నా భుక్తి నాకు రావడం లేదు, ఇంకొకడు తింటున్నాడు అంటున్నాడు. తర్కపరిభాషలో చెప్పాలంటే ఇది స్వరూపాసిద్ధి. పక్షంలో హేతువే లేదు.

ఋజువు చేయవలసిన భారం కూడా చేతులు మారింది. వెయ్యేళ్ళుగా పండితులు లోకాన్ని చూపి ఈశ్వరుణ్ణి ఋజువు చేస్తూ వచ్చారు. ఈ కథానాయకుడు ఈశ్వరుణ్ణే సాక్షిగా పిలిచి లోకపు అమరికను ఋజువు చేయమంటున్నాడు. దీనిని నాస్తికత్వంగా చదివితే పొరపాటు. ఋజువు అడగడానికి ఎదుట ఒకడు ఉండాలి. పైగా జాషువకు 1964లో కేంద్రసాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిపెట్టినది 'క్రీస్తు చరిత్ర'. దైవం మీద విశ్వాసం ఆయనలో చివరిదాకా ఉంది. ఆయన ఒప్పుకోనిది, క్రమం కనబడిన ప్రతిచోటా దానికి దైవాన్ని హామీగా నిలపడం.

సాలీడు పద్యంలోని ఓకారాన్ని ఈ వెలుగులో మళ్ళీ చూడవలసి ఉంది. రెండు రచనలలో ఏది ముందైనా వాటి వెనుక ఉన్న బుద్ధి ఒకటే. పురుగు కడుపులోని నేర్పును చూసి 'దైవశక్తి కలదు' అని కవి నిగమనం పలికి ఉంటే, ఆ నిగమనపు హక్కును వాడుకొని మరొకరు వెలివాడను చూపి కూడా అదే మాట అనేవారు. అన్నవారున్నారు కూడా. వారి మాట వినే ఆయన పెరిగాడు. వినుకొండలో మాదిగ తల్లికి, యాదవ తండ్రికి పుట్టి, రెండు మతాల గుమ్మాల దగ్గరా నిలబడవలసివచ్చిన పిల్లవానికి 'లోకం ఇలా ఉన్నది కనుక' అని మొదలయ్యే వాక్యాలు ఎక్కడికి చేరుతాయో తర్కగ్రంథాలు చదవకముందే తెలిసి ఉంటుంది.

సాలీడు, గబ్బిలం రెండూ పాడుబడిన గుడిలోనే కాదు, నిత్యపూజ జరిగే గుడిలో కూడా చూరు పట్టుకొని బ్రతికేవే. ధూర్జటి సాలీడు ఆ చోటునుంచే మోక్షానికి వెళ్ళింది. జాషువ సాలీడును ఒక ప్రశ్న అడిగి వదిలేశాడు. గబ్బిలానికి మాత్రం పని అప్పగించాడు. తలక్రిందులుగా వేలాడుతూ గర్భగుడిలో ఏకాంతంగా ఉండే వేళ, పూజారి లేనప్పుడు, అడిగి రమ్మని.